ఏ ఇంకు పొయ్యాలె

హన్మకొండ కోర్టు ఎదురుంగ
ఆరడుగుల మడిగె నాది.
మూడు ప్రింటర్లు, ఒక స్టూలు, ఒక ఫ్యాను.
ఫ్యాను మనుషులకు కాదు,
కాయితాలు ఆరెటందుకు.

పుట్టింది కొత్తవాడల.
మా బాపు జంపఖానాల నూలుకు రంగు పట్టేటోడు.
మోచేతుల దాక సోమారం ఎరుపు, బేస్తారం పచ్చ.
ఆ చేతులతోని అన్నం కలిపితే
మెతుకులు ఉలిక్కిపడేటియి.
"తాగిన రంగే నిలుస్తది బిడ్డా,
పైన కూసున్నది రాలిపోతది" అనేటోడు.

కాయితం కాడ ఆ లెక్క తిరగబడ్డది.

యాకూబన్న వరంగల్ చౌరస్తా నుంచి సీసాలు తెస్తడు.
డై అగ్గువ. నీళ్లల్ల కలిసిన రంగు,
కాయితం గటగట తాగుతది.
పెండ్లి ఫోటోల జరీ అంచు కూడ పలుకుతది.
ఎండ తగిలే గోడకు పెట్టకుండ్రి అని చెప్త.
అక్కడనే పెడుతరు.

పిగ్మెంటు పిరం, పైగా మొండిది.
కాయితం మీద కూసుంటది, లేవదు.
వారం పని చెప్పకపోతే
ముక్కు మూసుకుని అలుగుతది.
నున్నటి కాయితమిస్తే మొఖం మాడ్చుకుంటది.

ఏనుమాములల మిర్చి అమ్మిన అయిలుమల్లుకు
తక్‌పట్టీ నకలు డైల తీసిచ్చిన, అప్పుడు తెల్వక.
చెమట జేబుల పెట్టుకుని
పరకాల బస్సు దిగేటాళ్లకు
పదమూడు కింటాళ్లు ఒక్క నీలి మరక.
మర్నాడొచ్చి అంగి చూపిచ్చిండు:
"నా పంటంత గీడున్నదక్కా."
ఇద్దరికీ నవ్వు రాలే.

అప్పటిసంది లెక్కల కాయితాలు లేజరుకే.
అది ఇంకే కాదు, పొడి.
కాల్చి ఒత్తితే అంటుకుంటది.
వానకు జంకదు గని
మడత కాడ పెళుసు.
నాలుగుసార్లు మడిస్తే
సర్వే నంబరుల ఏడు ఒకటైతది.

ఆషాఢంల కనకతార వచ్చింది.
ఫోన్ల తమ్ముని ఫోటో.
కాజీపేట టేషన్ల రైలు దిగిండట,
ఇంటికైతే రాలే.
వంద కాయితాలు కావాలె, గోడలకు.

వానకాలం, పిగ్మెంటైతే నిలుస్తదన్న.
ధర చెప్పిన.
ఆమె ధర వినలేదు.
ఫ్యాను కింద ఎగిరే కాయితాన్ని
వేలుతోని అదిమిపట్టి చాలసేపు నిలబడ్డది.
"నిలవద్దక్కా.
వాడు దొరికినంక గూడ గోడల మీద ఉంటే
వాని ఇజ్జత్ పోదా?"

నడిమి ప్రింటరు తీసిన.
దాంట్ల నలుపు పిగ్మెంటు, రంగులు డై.
ఆమెకు చెప్పలే.
పైసలు డైకే తీసుకున్న.

మూడో ముసురు వెలిసినంక
కాజీపేట బ్రిడ్జి కింద చూసిన.
మొఖమున్న జాగల ఊదా నీళ్లు కారి ఎండినయి.
కింద పది అంకెలు
తడిసి, ఉబ్బిన కాయితం మీద
నల్లగ, వరుసగ, ఉన్నట్టే ఉన్నయి.
ఎందుకో బాపు చేతులు యాదికొచ్చినయి.
చచ్చేదాక గోర్లల్ల పోని నీలం.

బతుకమ్మ దినాలల్ల ఒకడొచ్చిండు.
గడ్డం, ఒదులైన అంగి.
వెనక గడప కాడ కనకతార,
లోపలికి రాదు, పోదు.
"బ్రిడ్జి కింద మా అక్క నంబరు చూసిన" అన్నడు,
అడగకముందే.
"పైన ఎవని బొమ్మనో, అంత కారిపోయింది.
పాపం ఎవడో అనుకున్న."

ఆధార్ నకలు కావాల్నట.
ఏ ఇంకని అడగలే.
లేజరు మీద పెట్టిన.
కాయితం యెచ్చగ బయటికొచ్చింది,
అప్పుడే ఉతికి ఇస్త్రీ చేసిన తీరుగ.
వాడు దాన్ని జేబుల పెట్టబోయిండు.

"మడవకు" అన్న.